ఐఈఎల్‌టీఎస్ జనరల్ టాస్క్ 1: లీవు లెటర్‌లో బ్యాండ్ పోయేది ఇక్కడే

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష, అందులో వచ్చే స్కోరే బ్యాండ్. జనరల్ రైటింగ్‌లో టాస్క్ 1 అంటే ఒక లెటర్ రాయడం, అది మేనేజరుకైనా కావచ్చు, ఫ్రెండ్‌కైనా కావచ్చు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఐఈఎల్‌టీఎస్ జనరల్‌కి ప్రిపేరయ్యే మనవాళ్లు చాలామంది లీవు లెటర్‌ను తేలిగ్గా తీసుకుంటారు. రోజూ మేనేజరుకు కొట్టే మెయిలే కదా అనుకుంటారు. చిక్కంతా ఆ మెయిల్ ఇంగ్లిష్‌తోనే. మనం లీవు "పెడతాం" కాబట్టి "ఐ పుట్ లీవ్" అని రాసేస్తాం. పక్క సీట్లోని కన్నడ, తమిళ కొలీగ్స్‌ కూడా అలాగే అంటారు కాబట్టి తప్పని తట్టదు. "టేక్ లీవ్" అనాలి. అడిగేటప్పుడైతే "అప్లై ఫర్ లీవ్". ఆ "ఫర్" వదలొద్దు. రెండు రోజులకు "టూ లీవ్స్" కాదు, "టూ డేస్ ఆఫ్ (of) లీవ్".

"ఐ ఆబ్సెంటెడ్" అనే వాడుక లేదు. "ఐ వాజ్ ఆబ్సెంట్ ఫ్రమ్ వర్క్" సరైనదే, కానీ అది హెచ్‌ఆర్ రికార్డు భాష. ఫ్రెండ్‌కి రాసే లెటర్‌లో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అక్కడ "ఐ వాజ్ ఆఫ్ (off) సిక్" చాలు. ఇది బ్రిటిష్ వాడుక, అమెరికన్లు "ఔట్ సిక్" అంటారు. రెండూ చెల్లుతాయి.

"కాల్ ఇన్ సిక్" అంటే ఒంట్లో బాగాలేదు, రాలేనని ఆ పూట ఆఫీసుకు కబురు చెప్పడం. వారం పాటు మంచాన పడ్డ సంగతి చెప్పాలంటే మళ్లీ "ఆఫ్ సిక్"కే రావాలి.

అన్నిటికన్నా ప్రమాదం "పుల్ ఎ సికీ". సిక్ లీవుకి ముద్దుపేరు అనుకుని మేనేజరు లెటర్‌లో వాడితే, జబ్బు నటించి ఎగ్గొట్టానని మీరే రాసిచ్చినట్టు! ఫ్రెండ్ లెటర్‌లో మాత్రం చక్కగా అతుకుతుంది. "ఔట్ ఆఫ్ స్టేషన్" మన దగ్గర అందరికీ తెలిసిన మాటే, బయటి దేశాల్లో చాలామందికి అర్థం కాదు. "ఔట్ ఆఫ్ టౌన్" రాయండి. "ఫీవర్ సిన్స్ టూ డేస్" బదులు "ఐ హావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్".

ప్రాక్టీసుకి ఒకే కారణం తీసుకోండి, గుంటూరులో చెల్లి పెళ్లి అనుకుందాం. మేనేజరుకు: "ఐ యామ్ రైటింగ్ టు రిక్వెస్ట్ త్రీ డేస్ ఆఫ్ లీవ్". ఫ్రెండ్‌కి: "ఐ హావ్ గాట్ త్రీ డేస్ ఆఫ్ (off) నెక్స్ట్ వీక్". ఒక్కో లెటర్ 20 నిమిషాల్లో, 150 మాటలకు తగ్గకుండా పూర్తిచేయండి. ప్రశ్నలోని మూడు పాయింట్లలో ఏదీ వదలొద్దు. ఒకటి తప్పినా, అడిగినదంతా రాశారా అని చూసే టాస్క్ అచీవ్‌మెంట్‌లో దెబ్బ పడుతుంది. చివరి రెండు నిమిషాలు ఫ్రమ్, ఫర్, ఆఫ్ (of, off) ఉన్నచోట్లే మళ్లీ చూసుకోండి.