బహ్రెయిన్‌కా? ఎన్నేళ్లకు?

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున పాలు పోయించుకుంటూ నోరు జారాను. సంక్రాంతి సెలవుల్లో బహ్రెయిన్ వెళ్దామనుకుంటున్నామని పక్కింటావిడతో అన్నాను. ఆవిడ గిన్నె గట్టు మీద పెట్టి, "ఎన్నేళ్లకు?" అని అడిగింది. నాలుగు రోజులకే, చూసి వచ్చేస్తామని చెప్పాను. ఆవిడ ముఖంలో నమ్మకం కాదు కదా, నమ్మాలన్న ప్రయత్నం కూడా కనిపించలేదు. తొమ్మిది గంటలయ్యేసరికి వీధిలో రెండు కథలు తయారయ్యాయి. మా ఆయనకు అక్కడేదో సూపర్‌వైజరు పని దొరికిందన్నది మొదటిది. ఇంటికి తీసుకున్న అప్పు తీరక ఇద్దరం పోతున్నామన్నది రెండోది. రెండోది చెప్పినవాళ్లే ఎక్కువ జాలిగా పలకరించారు.

వాళ్ల తప్పేమీ లేదు. మా జగిత్యాలలో గల్ఫు అంటే చూసే చోటు కాదు, చేసే చోటు. మస్కట్ వెళ్లినా, కువైట్ వెళ్లినా, ఏ దేశం వెళ్లినా "దుబాయ్ వెళ్లాడు" అనే అంటారు. బడిలో కొత్తగా చేరిన పిల్లల్ని మీ నాన్న ఏం చేస్తారని అడిగితే "దుబాయ్, టీచర్" అంటారు, అదే ఉద్యోగం పేరైనట్టు. ఇరవై రెండేళ్లుగా వాళ్లకు సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. పటంలో గల్ఫు దేశాలు చూపించమంటే నాకంటే ముందు వాళ్ల వేలే వెళ్తుంది.

పదకొండింటికి టికెట్ల దుకాణానికి వెళ్లాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి తల ఎత్తకుండానే, "కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా మేడమ్?" అన్నాడు. ఆజాద్ అంటే ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడకుండా దొరికిన పని చేసుకునే వీసా. విజిట్ వీసా అన్నాను.

"ఎవరిని చూడటానికి?"

"చెట్టును."

అప్పుడు తల ఎత్తాడు. నా పాస్‌పోర్టు తీసుకుని, అలవాటు కొద్దీ ఈసీఆర్ ముద్ర, అంటే వలస అనుమతి కావాలనే ముద్ర, ఉందేమోనని పేజీలు తిప్పాడు. పదో తరగతి పాసు కానివాళ్లు బహ్రెయిన్‌తో సహా కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. నాకు ఆ బెడద లేదు. ఇ-వీసాకు కావలసిన కాగితాల వరస ఒక చీటీ మీద రాసి ఇచ్చాడు. వచ్చేటప్పుడు, "నిజంగా చెట్టేనా మేడమ్?" అని మళ్లీ అడిగాడు.

నిజంగా చెట్టే. బహ్రెయిన్ దక్షిణాన ఇసుక దిబ్బ మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. వయసు నాలుగు వందల ఏళ్ల పైమాట. అరబ్బులు షజరత్ అల్ హయాత్ అంటారు, ప్రాణవృక్షం అని. చుట్టూ కనుచూపు మేరలో నీటి జాడ లేదు. దాని శాస్త్రీయ నామం ప్రొసోపిస్ సినరేరియా. ఆ పేరు చదివిన రోజు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అది మన జమ్మి! తెలంగాణ రాష్ట్ర వృక్షం, పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు. మొన్న దసరాకు అత్తయ్య నా చేతిలో పెట్టిన 'బంగారం' ఇంకా బీరువాలో నగల పెట్టె పక్కనే ఉంది, ఎండి గలగలమంటూ.

మా ఆయనకు ఈ ప్రయాణం మీద మనసు లేదు. ఆయనది మొదటి నుంచీ దుబాయ్ పాట. ఆ ఎత్తైన భవనం ఎక్కి ఫొటో దిగాలి, అంతే. "మన జిల్లాలో మూడో వంతు ఉన్న దేశంలో నాలుగు రోజులు ఏం చూస్తావు?" అంటారు. విస్తీర్ణం మాట నిజమే. ముప్పైకి పైగా దీవులు కలిపినా 780 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అందులోనూ కొంత సముద్రాన్ని పూడ్చి సంపాదించింది. ఇక నాలుగు రోజులు ఏం చూస్తానన్న దానికి జవాబుగా ఒక నోటుపుస్తకం తెరిచాను. మధ్యాహ్నానికి ఎనిమిది పేజీలు నిండాయి.

మొదటి రోజు ఖలాత్ అల్ బహ్రెయిన్. పైకి కనిపించేది పోర్చుగీసు వాళ్ల కోట. దాని కింద ఒకదాని మీద ఒకటిగా పాత ఊళ్లు, అన్నిటికంటే అడుగున దిల్మున్ అనే ప్రాచీన నాగరికత. ఏటా పిల్లలకు సింధు నాగరికత చెప్పేటప్పుడు, "వీరు మెసొపొటేమియాతో వర్తకం చేసేవారు" అన్న ఒక్క వాక్యం రాయించి ముందుకు పోతాను. ఆ వాక్యానికి మధ్యలో ఉన్న మజిలీ ఈ దీవే. ఇక్కడి తవ్వకాల్లో సింధు లోయ తూకపు రాళ్లు దొరికాయి. గుజరాత్‌లోని సింధు నాగరికత రేవు లోథల్‌లో గల్ఫు ముద్ర దొరికింది. అంటే అవతలి వ్యాపారి మన తూకాన్ని నమ్మాడన్నమాట. కూరగాయల సంతలో నేను ఎవరి తూకాన్నీ నమ్మను.

రెండో రోజు ముహర్రఖ్. ముత్యాల వర్తకుల ఇళ్లనూ, సముద్రపు ఒడ్డునూ కలుపుతూ మూడున్నర కిలోమీటర్ల కాలిబాట ఉంది. 2012లో యునెస్కో జాబితాలో చేర్చారు. ముత్యాల మాట వినగానే, అంతవరకూ ముఖం ముడుచుకుని ఉన్న అత్తయ్య దగ్గరికి జరిగింది. "బస్రా ముత్యాలంటారే, అవేనా?" అని అడిగింది. అవే అత్తయ్యా, బస్రా అంగడి పేరు, సముద్రం గల్ఫుది, బహ్రెయిన్ చుట్టూ ఉన్న మేటల్లోనే బాగా దొరికేవి అన్నాను. నైజాం కాలం నుంచీ హైదరాబాదుకు వచ్చి పత్తర్‌గట్టీలో చేరిన ముత్యాలూ ఆ నీళ్లవే. "అయితే నా దిద్దులకు ఒక జత తీసుకురా" అంది. ధర విన్నాక మనసు మార్చుకుంటుందని నా నమ్మకం.

ముత్యం కథలో నన్ను పట్టి ఆపింది మాత్రం ధర కాదు, అప్పు. వేసవి నాలుగు నెలలూ నడిసముద్రంలో పడవలు. మునిగేవాడు ముక్కుకు తాబేటి చిప్పతో చేసిన పట్టె బిగించి, కాలికి రాయి కట్టుకుని దిగేవాడు. పైన ఒకడు తాడు పట్టుకుని లాగేవాడు. పాటలు పాడటానికి వేరే మనిషి. సీజను మొదట్లో పడవ యజమాని దగ్గర బయానా తీసుకుంటే, చివర లెక్క చూసేసరికి ఇంకా బాకీనే తేలేది. తండ్రి పోతే బాకీ కొడుకు మీదికి వచ్చేది. ఏజెంటుకు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చడానికే మొదటి రెండేళ్లూ పోతాయని మా బడి పిల్లల తల్లులు చెప్పే లెక్క ఇలాగే ఉంటుంది. తర్వాత జపాను వాళ్లు పెంచిన ముత్యాలు వచ్చాయి, 1929 మాంద్యం వచ్చింది, ముత్యాల వర్తకం కూలింది. 1932లో జబల్ దుఖాన్ అనే కొండ దగ్గర చమురు పడింది. అరేబియా వైపు తీరంలో మొట్టమొదటి బావి అదే. దాన్నీ చూడాలి, చెట్టుకు దగ్గరే.

నాలుగింటికి చిన్న మామయ్య వచ్చారు. ఆయన్ను నేనే పిలిపించాను, 1984 నుంచి 1995 దాకా బహ్రెయిన్‌లో ఉన్న మనిషి కదా, ఏమేం చూడాలో చెబుతారని. ఇప్పుడు తలచుకుంటే ఆ పిలుపే కాస్త సిగ్గుగా ఉంది.

నోటుపుస్తకం ముందు పెట్టాను. రాజధాని మనామా పటంలో ఒడ్డు వెంట ఉన్న భవనాలను కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఇక్కడ సముద్రం ఉండేదమ్మా" అన్నారు. ఆయన పని అదే, లారీల్లో వచ్చిన రాళ్లూ మన్నూ పోయించి సముద్రాన్ని పూడ్చడం. అక్కడి బజారు ముఖద్వారం బాబ్ అల్ బహ్రెయిన్‌ను 1949లో కట్టినప్పుడు నీళ్లు దాని దగ్గరి దాకా ఉండేవట. శుక్రవారాలు మనవాళ్లంతా కలుసుకునేది ఆ బాబ్ దగ్గరే. సెలవు ఆ ఒక్క రోజే. బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా సామాను తెచ్చుకోవాలి, ఇంటికి పంపాల్సిన క్యాసెట్టులో మాటలు నింపాలి. 1986లో సౌదీకి వంతెన తెరిచినప్పుడు ఊరంతా దీపాలు పెట్టారని విన్నారట, చూడలేదు. రాత్రి షిఫ్టు.

"మీరు ఏమేం చూశారు మామయ్యా?" అని అడిగేశాను. ముహర్రఖ్‌లో హల్వా దుకాణం చూశానన్నారు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ తెచ్చేవారు. నా పెళ్లయిన కొత్తలో నేనూ తిన్నాను, కుంకుమపువ్వు, జీడిపప్పు, చేతికి అంటుకుపోయే నెయ్యి.

ఫోనులో చెట్టు ఫొటో చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి ఆకు చూశారు, కొమ్మ చూశారు.

"ఇది జమ్మి."

"అవును మామయ్యా."

"మనామాకు ఎంత దూరం?"

"నలభై కిలోమీటర్ల లోపే."

టీ గ్లాసు చేతిలోనే ఉంది. కాసేపటికి చెప్పారు. దసరా నాడు గదిలో పద్నాలుగు మంది ఉండేవాళ్లట. జమ్మి దొరకదు కాబట్టి రోడ్డు పక్క ఏదో ముళ్ల చెట్టు రెమ్మ విరిచి తెచ్చి, దాన్నే జమ్మి అనుకుని చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కేవాళ్లట. "పదకొండు దసరాలు అట్లాగే చేశాం. ఎవరూ చెప్పలేదు" అన్నారు. తర్వాత, "దీనికి నీళ్లు ఎవరు పోస్తారు?" అని అడిగారు. ఎవరూ పోయరు, జమ్మి వేళ్లు చాలా లోతుకు దిగుతాయి కదా అన్నాను. తలాడించారు. ఎండ తగ్గాక వెళ్లండి, మంచినీళ్లు దండిగా పట్టుకెళ్లండి అని మాత్రం చెప్పారు.

మీరూ రండి మామయ్యా అని అడిగాను. నవ్వేశారు. నేను చూడాల్సినది చూశానమ్మా అనలేదు, డబ్బు గురించీ మాట్లాడలేదు. మోకాళ్లు అన్నారు. వెళ్తూ వెళ్తూ మళ్లీ వెనక్కి వచ్చి, "హల్వా మాత్రం మర్చిపోకు" అన్నారు.

సాయంత్రం డబ్బు లెక్క చూశాను. ఒక దినారు రెండు వందల రూపాయల పైమాటే. 1965లో సొంత దినారు తెచ్చుకునే దాకా బహ్రెయిన్‌లో చెల్లింది రూపాయే, మన రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం ప్రత్యేకంగా అచ్చువేసిన రూపాయి. అప్పుడు పది రూపాయలకు ఒక దినారు ఇచ్చారు. అరవై ఏళ్లు ఆలస్యంగా బయల్దేరుతున్నానని మా ఆయనతో అంటే, ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో ఇప్పుడే తెలిసింది. ఇది రాస్తుంటే వచ్చి, విజయగర్వంతో ఫోను నా ముందు పెట్టారు. జమ్మిని అరబ్బీలో గాఫ్ అంటారట. ఎమిరేట్స్ జాతీయ వృక్షం అదేనట. "దుబాయ్ ఎడారి నిండా జమ్మి చెట్లే. నీకు ఒకటి కావాలా, వెయ్యి కావాలా?"

రేపు సాయంత్రం మళ్లీ మొదలవుతుంది.