112 ఏళ్ల తాబేలు

శ్రీకూర్మం నుంచి తిరిగొస్తుంటే ఆటోలో మా మేనకోడలు అడిగింది: "మావయ్యా, ఈసారి ఆటలో నేను తాబేలునైపోతే ఏటవుద్ది?"

గుడిలో నక్షత్ర తాబేళ్లకి ఆకుకూర పెట్టి అరగంట కూడా కాలేదు. దాని చేతులు ఇంకా పసరు వాసన వేస్తున్నాయి. నేను ఆలోచించకుండానే వద్దన్నాను.

ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తుంటాను. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి, డైస్ వేస్తూ కథలో ముందుకెళ్లే ఆట అది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది. 2020లో ల్యాప్‌టాప్‌తో పాటు నా వెంట శ్రీకాకుళం వచ్చేసింది. కథ నడిపేది నేను. ఆడేది మేనకోడలు, ఇంటర్ చదివే మేనల్లుడు, ఎదురింటి కుర్రాడు, ఉద్దానం నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న నా స్నేహితుడు. మా అమ్మ ఆడదు గానీ, పకోడీలు పట్టుకొచ్చినప్పుడల్లా "ఆ రాక్షసుడు చచ్చాడా లేదా?" అని వాకబు చేస్తుంది.

తన పాత్రకి వింత పుట్టుక కావాలని అడిగేవాడు కథ కోసం అడగడని, ఒంటికి నాలుగు పాయింట్లు ఎక్కువ పడతాయని అడుగుతాడని అప్పట్లో నా గట్టి నమ్మకం. మనిషి, కోణపు చెవుల ఎల్ఫ్, పొట్టి డ్వార్ఫ్, ఇంకా పొట్టి హాఫ్లింగ్ చాలవా అనేవాణ్ణి. నిజానికి ఆట పుట్టిన 1974లోనే, ఆ మొదటి పుస్తకంలోనే, ఎవరైనా దాదాపు ఏ ప్రాణిగానైనా ఆడొచ్చు, కాకపోతే బలహీనంగా మొదలవ్వాలి అని రాసి ఉంది. డ్రాగన్‌గా ఉండాలనుకుంటే పిల్ల డ్రాగన్‌తో మొదలుపెట్టమంటుంది. అంటే పుస్తకం కన్నా నాకే చాదస్తం ఎక్కువ.

ఆ రాత్రి భోజనాల దగ్గర మేనకోడల్ని అడిగాను. "రెండేళ్లుగా ఎల్ఫ్‌గా ఆడుతున్నావు కదా, ఎల్ఫ్ ఏం తింటాడు?"

"తెలీదు మావయ్యా. ఆకులేమో."

తాబేలు గురించి అడిగితే ఆగలేదు. తోటకూర కాడ వదిలేసి ఆకు ఎలా లాక్కుంటుందో, నీడ పడగానే తల ఎలా లోపలికి పెట్టేస్తుందో, ఒకదాని మీద ఒకటి ఎక్కి వెల్లకిలా పడితే ఎలా కొట్టుకుంటుందో చేతులతో చేసి చూపించింది. పెరుగన్నం చల్లారిపోయింది. అప్పుడు సరేనన్నాను.

ఈ ఆటలో తాబేలు మనుషులున్నారు. 'టార్టిల్' అంటారు, 2017లో నియమాలిచ్చారు. డిప్ప ఉంది కాబట్టి కవచం తొడగక్కర్లేదు, రక్షణ అంకె పుట్టుకతోనే 17. మామూలు గోబ్లిన్ (చిన్న రాక్షసుడు) తన డైస్‌కి 4 కలుపుకుంటాడు కాబట్టి, వాడి కత్తి దానికి తగలాలంటే ఇరవై ముఖాల డైస్ మీద 13 గానీ ఆ పైన గానీ పడాలి. డిప్పలోకి ముడుచుకుంటే రక్షణకి ఇంకో 4 కలుస్తుంది, అప్పుడు డైస్ మీద 17 పడాలి. నేను భయపడింది ఈ లెక్కకే. తీరా ఆడితే ఏమైందంటే, మొదటి దెబ్బకే మా పిల్ల ముడుచుకుపోయి "నేను లేను" అంది. ముడుచుకున్నాక బయటికి రావడం తప్ప ఇంకేం చెయ్యడానికి లేదు. మేనల్లుడు ఒక్కడే ముగ్గురు గోబ్లిన్లతో తలపడి, "ఓసి గుంటా, బయటికి రావే!" అని గోల.

అసలు గొడవ వయసు దగ్గర వచ్చింది. ఆ 2017 పుస్తకం ప్రకారం టార్టిల్ సగటున 50 ఏళ్లు బతుకుతుంది. మేనకోడలు ఒప్పుకోలేదు. "తాబేలు యాభై ఏళ్లకే చచ్చిపోద్దా? ఎవరు రాశారు మావయ్యా ఇది?" నా దగ్గర జవాబు లేదు. 300 ఏళ్లు చేశాం. మేనకోడలి తాబేలు 112 ఏళ్ల వయసుతో ఆటలోకి దిగింది. అంతే, ఆటలోని ఊళ్లో ఎవరు కనపడినా "మీ తాతని నేనెరుగుదును" అనడం మొదలెట్టింది. అనగానే ఆ తాత ఎవరో, ఏం చేశాడో నేను అక్కడికక్కడ పుట్టించాల్సి వచ్చేది. నా నోటుబుక్కులో ఊరు ఊరంతా ఆ తాతలతోనే నిండింది. అందరూ ఆ తాబేల్ని మామ్మ అని పిలవడం మొదలెట్టారు.

పుస్తకంలో గంటసేపు ఊపిరి బిగబట్టే శక్తి కూడా ఉంది. నక్షత్ర తాబేలు మెట్టది, దానికి ఈతెక్కడిది? తీసేశాం. ఆ శక్తి మా తీరంలో రాత్రిపూట ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోయే సముద్రపు తాబేళ్లకిచ్చాం. ఆ రెండు రకాలకీ ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు.

పాత్ర వివరాలు రాసుకునే షీటు మీద 'రేస్' అని ఒక గడి ఉండేది. 2024 పుస్తకంలో ఆ మాట తీసేసి 'స్పీసీస్' అన్నారు. నేను తెలుగులో 'జాతి' అని రాసిచ్చాను. మేనకోడలు పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "ఇక్కడ కులం రాయాలా మావయ్యా, స్కూల్ ఫారంలో లాగ?" కొట్టేసి 'పుట్టుక' అని రాశాను.

తాబేలుకి ఒప్పుకున్నాక మిగతావాళ్లు ఊరుకుంటారా? ఎదురింటి కుర్రాడికి రెక్కలు కావాలి. పాత పుస్తకంలో పక్షి మనుషులు మొదటి లెవెల్ నుంచే ఒక్కో వంతుకి 50 అడుగుల వేగంతో ఎగిరేవారు. ఒక ఆదివారం అలాగే ఇచ్చి బుద్ధి తెచ్చుకున్నాను. నేను వారమంతా కూర్చుని గీసిన కోటని, కందకంతో సహా, వాడు పైనుంచి దాటేసి తలుపు గడియ తీశాడు. ఇరవై నిమిషాల్లో ఆట ఖతం. తరవాత ఆ పక్షిని తేలినీలాపురం చెట్ల మీద వాలే గూడబాతుగా మార్చాం. గూడబాతు బరువైన పక్షి, నీళ్ల మీంచి లేవాలంటే రెక్కలు కొట్టుకుంటూ కొంత దూరం పరుగు తీయాలి. కాబట్టి మైదానంలో వాడు రాజు, గుహలో నడిచే కొంగ. వాడూ సంతోషమే, నేనూ సంతోషమే.

మేనల్లుడు ఎలుగుబంటి అన్నాడు. వాడి బుర్రలో బొద్దుగా, తేనె నాకే ఎలుగు ఉంది. నా స్నేహితుడికి ఉద్దానంలో జీడితోట ఉంది. అక్కడ తెల్లవారుజామున తోటలోకి వెళ్లేవాడికి ఎలుగు ఎదురుపడటం కథ కాదు. అతను ఆటలో కూడా జీడిరైతే. సత్రంలో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు అతను లేచి, "నాను దాని పక్కన కూసుని తినను" అన్నాడు.

ఆటలో అన్న మాటే. అయినా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన వైపు ఆ మాటకి ఎలుగుబంట్లతో సంబంధం లేని అర్థాలున్నాయని ఇంటర్ చదివేవాడికీ తెలుసు. మేనల్లుడు మొహం మాడ్చుకున్నాడు. స్నేహితుడికి కూడా నోరు జారినట్టే అనిపించిందో ఏమో, డైస్ అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆట ఆపేద్దామా అనుకున్నాను. పుట్టుక అంటే అంకెలు కాదు, ఎదుటివాళ్లు నిన్ను చూసి ఏమంటారన్నదీ అందులో భాగమే అని మీటింగులో చెప్పినట్టు నేనే చెప్పి ఉన్నాను అంతకుముందు. చెప్పడం తేలిక.

మేనకోడలు తల కిందికి వంచి, మెడ మెల్లగా బయటికి చాపి, మామ్మ గొంతుతో అంది: "మీ తాతని నేనెరుగుదును బావూ. ఆయనా మొదట్లో నా పక్కన కూసోలేదు."

స్నేహితుడు నా వంక చూశాడు. ఆ తాత గురించి నా నోటుబుక్కులో ఒక్క ముక్క లేదు. ఈలోగా అమ్మ టీ పట్టుకొచ్చి రాక్షసుడు చచ్చాడా అని అడిగింది. ఇంకా లేదన్నాను. వచ్చే ఆదివారం ఆ విస్తరి దగ్గర నుంచే మొదలెట్టాలి. ఆ తాతని ఎలాంటివాణ్ణి చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.