స్పార్క్ ప్లగ్గును ఎంతవరకు బిగించాలి?

కారుకు స్పార్క్ ప్లగ్గులు మార్చడం ఇంట్లో చేసుకోదగిన పనే అయినా, ఎంత బిగిస్తే అంత మంచిదని నమ్మేవారు ఆ పని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. ఈనాటి కార్లలో సిలిండర్ హెడ్ (ప్లగ్గు బిగించే ఇంజిన్ పైభాగం) చాలావరకు అల్యూమినియంది, ప్లగ్గు గుల్ల, అంటే మరలున్న బయటి లోహపు భాగం, ఉక్కుది. మొండిగా తిప్పితే పోయేవి హెడ్‌లోని మరలే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. ప్లగ్గుపై ఉండి దానికి కరెంటు అందించే కాయిల్ తీసిన వెంటనే, పాత ప్లగ్గును కదపకముందే, ఆ గుంతలో పేరుకున్న దుమ్మును గాలి కొట్టి తీసేయాలి. లేకపోతే ప్లగ్గు ఊడిన మరుక్షణం అదంతా సిలిండర్‌లో పడుతుంది.

కొత్త ప్లగ్గును రాట్చెట్‌తో (సాకెట్‌ను తిప్పే పిడితో) మొదలుపెట్టకూడదు. సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ తగిలించి, దాన్ని వేళ్లతోనే పట్టుకొని ముందు ఎడమవైపుకు నెమ్మదిగా తిప్పితే, మరల మొదళ్లు ఒకదానికొకటి ఎదురైన చోట ప్లగ్గు ‘టక్’మని కొద్దిగా దిగుతుంది, అక్కడి నుంచి కుడివైపుకు తిప్పాలి. ప్లగ్గు తలకు బిగువైన రబ్బరు గొట్టం ముక్క తొడిగి తిప్పడం ఇంకా క్షేమం, ఎందుకంటే మర అడ్డంగా పడితే గొట్టమే జారిపోతుంది గాని హెడ్ పాడవదు.

ప్లగ్గుకు ఉండే వాషరు మామూలు బిళ్ల కాదు, పలుచని రేకును మడిచి చేసిన డొల్ల ఉంగరం. అది తగినంత నలిగితేనే సిలిండర్‌లోని వాయువు బయటికి రాకుండా ఆగుతుంది, ప్లగ్గు వేడి హెడ్‌లోకి దిగుతుంది. బిగింపు చాలకపోతే ఆ వేడి పోయే దారిలేక ప్లగ్గు కొన ఎర్రగా కాగి, స్పార్క్ పడకముందే ఇంధనం అంటుకోవచ్చు. బిగింపు మితిమీరితే గుల్ల సాగి లోపలి పింగాణీ పట్టు సడలుతుంది.

అల్యూమినియం హెడ్‌లో, వాషరున్న 14 మి.మీ. మర ప్లగ్గుకు సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి, అంటే టార్క్‌కు, కొలత), 12 మి.మీ. మరకు 15 నుంచి 20 సరిపోతాయి. కారు సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానిదే చివరి మాట. ఆ బలాన్ని కొలిచి చూపే టార్క్ రెంచి లేనివారు 14 మి.మీ. కొత్త ప్లగ్గును వేళ్లతో ఆగిన చోటి నుంచి అర చుట్టు మొదలు మూడింట రెండు వంతుల చుట్టు వరకు తిప్పితే చాలు. తీసిన ప్లగ్గునే మళ్లీ వేసేటప్పుడు మాత్రం, వాషరు అప్పటికే నలిగి ఉంటుంది గనుక, చుట్టులో పన్నెండో వంతు, అంటే గడియారం చిన్నముల్లు ఒక గంటలో జరిగేంత మేరే తిప్పాలి. వాషరు లేకుండా కోను ఆకారపు సీటున్న ప్లగ్గుకు పదహారో వంతు చుట్టు చాలు.

మరలకు గ్రీజు రాసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. పై టార్క్ అంకెలన్నీ పొడి మరలకు చెప్పినవి. గ్రీజు వల్ల రాపిడి తగ్గిపోయి, రెంచి చూపించే అంకె మారకపోయినా, అసలు బిగింపు హద్దు దాటుతుంది. పైగా ఈనాటి ప్లగ్గుల మరలకు తుప్పు పట్టకుండా కంపెనీవారే పూత వేసి పంపుతున్నారు కాబట్టి ఆ గ్రీజు అవసరమే లేదు.