మా బుడ్డి తిండి డబ్బా

పోయినేడాది ఛాడఖాయి రాత్రి నుంచి చెప్పాలి ఇది. ఒడిశాలో ఉన్నవాళ్ళకి తెలుసు, కార్తీకంలో, ముఖ్యంగా ఆఖరి అయిదు రోజుల పంచుకలో చాలామంది నీచు ముట్టరు, పున్నమి వెళ్ళిన మర్నాడు మాత్రం ఏ ఇంట చూసినా మటనో చికెనో చేపలో ఉడుకుతుంటాయి, ఆ రోజే ఛాడఖాయి. మాది పర్లాకిమిడి, వీధిలో సగం తెలుగిళ్ళు సగం ఒడియా ఇళ్ళు, అందరికీ మా కుక్కలంటే ప్రేమే. ఆ రోజు రెండు మూడిళ్ళ వాళ్ళు ఎముకలూ కొవ్వు ముక్కలూ తెచ్చి మా గేటు లోపల పెట్టి వెళ్ళారు, మూడు కుక్కలకని. మూడింటి వాటా బుడ్డి ఒక్కతే తినేసింది. తెల్లారేసరికి వాంతులు, వీపు విల్లులా వంచుకుని నిలబడిపోయింది, గుక్కెడు నీళ్ళు తాగినా ఆగట్లేదు. డాక్టరుగారు చూసి, కొవ్వు తిండికి పాంక్రియాస్ (తిండి అరిగించే రసాలిచ్చే గ్రంథి) వాచినట్టుంది అని సెలైన్ ఎక్కించారు. మూడు రోజులకి తేరుకుంది, ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు.

అప్పుడే కాటా మీద పెడితే 11 కిలోల 200 గ్రాములు ఉంది. ఉండాల్సింది ఎనిమిదిన్నర.

బుడ్డి డాషండ్ జాతి కుక్క, పొట్టి కాళ్ళు, పొడుగు నడుం. ఈ జాతికి వెన్నుపూసల మధ్య డిస్క్ జారే జబ్బు మిగతా కుక్కల కన్నా చాలా ఎక్కువ, దాని మీద రెండున్నర కిలోల పైన అదనపు బరువంటే రోజంతా మూట మోస్తూ తిరిగినట్టే కదా. డిస్క్ జారితే ఒక్కోసారి వెనక కాళ్ళు పడిపోతాయి కూడా. అందుకే ముద్దుగా బొద్దుగా ఉంది అని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు భయమేస్తుంది. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుం లోపలికి కనపడాలి, బుడ్డికి ఆ రెండూ లేవు.

ఇంట్లో ఇంకో రెండున్నాయి. భీముడు లాబ్రడార్, తొమ్మిదేళ్ళు, నెమ్మది మనిషి (నాకు వాడు మనిషే). కాటుక మన ఊరకుక్క, వానాకాలంలో పిల్లగా వచ్చి ఉండిపోయింది, గిన్నె పెడితే రెండు ముద్దలు తిని పెరడంతా తిరిగొచ్చి మళ్ళీ రెండు ముద్దలు తింటుంది. తిండిపోతు అంటే లాబ్రడారే అని మావారు అనేవారు, అది ఉత్త మాట కాదు, దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో కడుపు నిండిందని తెలియనివ్వని జన్యు మార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు బయటపెట్టారు. కానీ మా ఇంట్లో లెక్క తిరగబడింది. బుడ్డి తన గిన్నె నిమిషం లోపు ఖాళీ చేసి భీముడి గిన్నెలో మూతి పెట్టేది, ఆయనేమో వెనక్కి జరిగిపోయేవాడు, మేం చూసి అబ్బ ఎంత మంచోడో అనుకునేవాళ్ళం, తీరా చూస్తే వాడు తగ్గిపోయాడు ఇది పెరిగిపోయింది. కాటుక మాత్రం ఊరుకోలేదు, ఒకరోజు గుర్రుమని బుడ్డి చెవి పట్టుకుంది, రక్తం వచ్చింది. తప్పు కాటుకది కాదు, బుడ్డిదీ కాదు. మూడు గిన్నెలూ వరండాలో పక్కపక్కన పెట్టిన మాదే తప్పు.

ఇప్పుడు మూడు చోట్ల మూడు గిన్నెలు. భీముడికి హాల్లో, కాటుకకి పెరట్లో నూతి దగ్గర, బుడ్డికి వంటగదిలో తలుపేసి. ఒకేసారి పెట్టడం, ఇరవై నిమిషాలకి ఒకేసారి తీసెయ్యడం, గిన్నెలు కడిగాకే తలుపులు తియ్యడం. మొదటి వారం బుడ్డి తలుపు గీకింది, ఏడ్చింది, నేను బయట నిలబడి ఓర్చుకున్నాను. కాటుక ఇరవై నిమిషాల్లో తినడం నేర్చుకోవడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది, దానికోసం తలుపు దగ్గర కాపలా కూర్చునేదాన్ని.

తొందర తగ్గించడానికి బజార్లో ప్రత్యేకం గిన్నెలు దొరుకుతాయి గానీ నాకు గుంత పునుగుల పెనం చాలు. ఇనపది, బరువు కాబట్టి మూతితో తోసినా బోర్లా పడదు, ఒక్కో గుంతలో నాలుగేసి గింజలు (కొట్లో దొరికే కుక్కల పొడి తిండి) వేస్తే ఒక్కొక్కటీ నాకి తీసుకోవాలి. నిమిషంలో అయ్యేది ఏడెనిమిది నిమిషాలు పడుతోంది. ఒక్కోరోజు పాత తువ్వాలు మడతల్లో గింజలు చల్లి చుట్టి ఇస్తాను, వాసన పట్టి వెతుక్కుంటుంది, అదంటే దానికి ప్రాణం.

అసలు కష్టం గిన్నెల దగ్గర కాదు, మనుషుల దగ్గర. ఒక ఆదివారం నోటుబుక్కు పెట్టి, ఎవరు ఏం పెట్టారో రాయమన్నాను. అత్తయ్యగారు పొద్దున టీతో అయిదు మేరీ బిస్కెట్లు, మావారు ఆఖరి పెరుగన్నం ముద్ద, అబ్బాయి ఉడికిన గుడ్డు, పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) సాయంత్రం గుప్పెడు ముఢీ, అంటే మరమరాలు, ఇవన్నీ గిన్నె తిండి కాక. ఎనిమిదిన్నర కిలోలకి దిగాల్సిన కుక్కకి రోజుకి 350 కేలరీలు దగ్గర్లో చాలు, ఒక్క బిస్కెట్టే పాతిక దాకా ఉంటుంది, అయిదు బిస్కెట్లు అంటే మూడో వంతు టీ టైంలోనే అయిపోయింది! పైగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్క, దానికి ఖర్చయ్యే శక్తి ముందే తక్కువ. ఎవ్వరూ ఎక్కువ పెట్టలేదు, అందరూ కొంచెమే పెట్టారు.

అత్తయ్యగారికి మానెయ్యండి అని చెప్పడం నావల్ల కాలేదు. "దాని మొకం సూడే అమ్మా, ఎలాగ సూస్తందో, ఒక్క ముక్క ఎడితే ఏటయిపోద్దే" అంటారు, ఆ మాటలో ఎంత ప్రేముందో నాకు తెలుసు. అందుకని డబ్బా పెట్టాను. పొద్దున్నే రోజంతటి గింజలు తూచి పాత హార్లిక్స్ సీసా డబ్బాలో పోస్తాను, సగం పెనానికి, మిగతా సగం ఎవరికి పెట్టాలనిపిస్తే వాళ్ళు అందులోంచే తీసి పెట్టాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. అత్తయ్యగారు ఇప్పుడు టీ తాగుతూ అయిదు గింజలు ఒక్కొక్కటిగా పెడతారు, బుడ్డి అదే ఆనందంతో తోక ఊపుతుంది, దానికి చేతిలోంచి రావడమే ముఖ్యం అని అప్పుడు అర్థమైంది. ఆకలిగా ఉన్నట్టుంటే ఉప్పు లేకుండా ఉడికించిన గుమ్మడికాయో, బీన్సో, దోసకాయ ముక్కలో.

ఉల్లిపాయ పడిన కూరలూ, పాయసంలో కిస్మిస్ మాత్రం ఎవ్వరూ ఇవ్వకూడదు, కిస్మిస్ కిడ్నీలు పాడు చేస్తుంది, ఉల్లి రక్తకణాలను పగలగొడుతుంది. వండిన ఎముకలు పెళుసుగా విరిగి పేగులో గుచ్చుకుంటాయి, అవీ వద్దు.

ఇంకోటి, కుక్క నోట్లోంచి ఏదీ లాక్కోకండి. దొరికినదాన్ని గబగబా మింగడం దానికి మనమే నేర్పినట్టవుతుంది. నేను దూరంగా చికెన్ ముక్క విసిరి, అది అటు వెళ్ళాక కిందపడిన ఎముక తీస్తాను. అది తింటుంటే పక్కనుంచి వెళ్తూ ఒక్కోసారి ఒక గింజ అదనంగా పెనంలో వేస్తాను, మన చెయ్యి దగ్గరికొస్తే తిండి పోతుందని కాదు, ఇంకా వస్తుందని దానికి తెలియాలి. మీ కుక్క ఉన్నట్టుండి తిండి కోసం ఎగబడుతుంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించండి, నులిపురుగులూ షుగరూ కూడా అలాగే చేస్తాయి, స్టెరాయిడ్ మాత్రలు వేస్తున్నా ఆకలి పెరుగుతుంది.

ప్రతి ఆదివారం సందు చివర కిరాణా కొట్టు కాటా మీద తూస్తున్నాం, బియ్యం బస్తాలు తూచేది. వారానికి నూరు గ్రాములు దిగితే చాలన్నారు డాక్టరుగారు, ఒకేసారి పస్తు పెడితే ప్రమాదం. అయిదు నెలల్లో 8 కిలోల 900 అయింది. భీముడు రెండు కిలోలు పెరిగాడు.

ఛాడఖాయి మళ్ళీ రాబోతోంది. మావుసికి ఇప్పుడే చెప్పి పెట్టాను, ఆ సాయంత్రం గేటుకి తాళం, మూడూ లోపల. ఆవిడ కాసేపు ఆలోచించి, అయితే నేనే లోపలికొచ్చి ఆ డబ్బాలోంచి పెడతాను, నా వాటా గింజలు పక్కన ఉంచు అంది.