ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు

మా పాపకు ఆరేళ్లు. లుకేమియాకు, అంటే రక్త క్యాన్సర్‌కు, కీమో నడుస్తోంది. ఒక రాత్రి ఒళ్లు వెచ్చగా తగిలి థర్మామీటర్ పెడితే 101.2 చూపించింది. మాకు ముందే గట్టిగా చెప్పి ఉంచారు: ఒక్కసారి 101 వచ్చినా, 100.4 గంటసేపు దిగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, మమ్మల్ని అడగకుండా పారాసిటమాల్ పట్టొద్దు, జ్వరం పైకి తెలియకుండా పోతుంది అని. అలవాటుకొద్దీ చేతిలోకి తీసుకున్న సిరప్ సీసాను మళ్లీ అలమరలో పెట్టేసి బయలుదేరాను.

వెళ్లిన గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఏఎన్‌సీ, అంటే క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్ కణాల లెక్క, 90 ఉంది. 500 కన్నా తగ్గితేనే ప్రమాదమంటారు. కాస్త పొడి దగ్గు ఉందని ఎక్స్‌రే తీశారు. శుభ్రంగా ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను, డాక్టరుగారు పీల్చుకోలేదు. "న్యూట్రోఫిల్స్ వచ్చి చేరితేనే చాలావరకు ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. పాపకు అవే లేవు కదా" అన్నారు.

ఐదో రోజుకీ జ్వరం తగ్గలేదు. సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో మూడు చిన్న గడ్డలు కనిపించాయి. ఫంగస్ అనుమానం. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు రేణువులు అందరమూ రోజూ పీలుస్తూనే ఉంటామట, మనకేమీ కాదు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. వారానికి మూడు రోజులు కోట్రైమాక్సజోల్ తప్పకుండా వేస్తున్నాం కదా, ఊపిరితిత్తులకు ఢోకా లేదనుకున్నాను. అది న్యుమోసిస్టిస్ అనే ఇంకో ఫంగస్ కోసమట. ఈ బూజును ఆపదు.

బ్రాంకోస్కోపీకి పాపను నిద్రపుచ్చి, సన్నటి గొట్టంతో ఊపిరితిత్తిలోకి సెలైన్ పంపి వెనక్కి లాగారు. నాకైతే ఆ గొట్టం కన్నా అంతకుముందు దాన్ని ఆకలితో కూర్చోబెట్టడమే నరకం. ఆ నీటిలో గాలాక్టోమన్నన్, అంటే ఆ బూజు గోడలో ఉండే పదార్థం, పాజిటివ్ వచ్చింది. వోరికొనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టారు. దానికీ కీమోలోని విన్‌క్రిస్టిన్‌కూ పడదు. రెండూ కలిస్తే విన్‌క్రిస్టిన్ ఒంట్లో పేరుకుపోయి నరాలను, పేగులను దెబ్బతీస్తుంది. అందుకని ఆ డోసు వాయిదా వేశారు. ఊపిరితిత్తిని కాపాడుకుంటూ లుకేమియాకు సందు ఇస్తున్నామా అన్న టెన్షన్‌తో ఆ వారమంతా నాకు నిద్ర లేదు. మందు పడ్డ మొదటి రోజుల్లో పాప "నాన్నా, గోడ మెరుస్తోంది" అనేది. ఆ మందుతో చూపు అలా కాసేపు తేడాగా ఉంటుందని ముందే చెప్పకపోయి ఉంటే హడలిపోయేవాణ్ణి.

కౌంట్స్ పెరిగాయి, జ్వరం పోయింది. పదో రోజు స్కాన్‌లో మాత్రం గడ్డలు పెద్దవయ్యాయి! నాకు కాళ్లు చల్లబడ్డాయి. డాక్టరుగారు నింపాదిగానే ఉన్నారు. మందు పనిచేస్తున్నా మొదటి వారం, పది రోజులు మచ్చలు పెరగొచ్చు, ఇప్పుడు న్యూట్రోఫిల్స్ అక్కడికి చేరుకున్నాయి కాబట్టి ఇంకా ఎక్కువ కనబడతాయి, పిల్లను చూడండి, ఫొటోను కాదు అన్నారు. పిల్ల అప్పటికే మంచం మీద గెంతుతోంది.

నెలన్నర తర్వాతి స్కాన్‌లో రెండు గడ్డలు పోయాయి, మూడోది గీతలా మిగిలింది. మందు ఇంకా నడుస్తోంది. దాన్ని తిండికి గంట ముందో, గంట తర్వాతో వేయాలి. పొద్దున్నే మాత్ర మింగి, పాప గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఐదు నిమిషాలకోసారి అడుగుతుంది, గంట అయిందా అని.