ఎదుటోడు గట్టిగ పట్టుకుంటె అప్పుడు చెప్పుండ్రి

బడులల్ల, కాలేజీలల్ల ఆత్మరక్షణ శిక్షణ అని ఒక్కపూట ప్రోగ్రాం పెడుతుంటరు చూసిండ్రా, పిల్లలందర్ని గ్రౌండ్ల లైన్లు నిలవెట్టి మైకుల ఒకాయన వన్ టూ అంటుంటె అందరు ఒక్కసారె "హా" అని గాలిల గుద్దుతరు, ఎన్క బ్యానర్, ముందట ఫొటోగ్రాఫర్, తెల్లారి జిల్లా పేజీల ఫొటో. పెట్టుడే తప్పని అంటలేను, ఆడపిల్లల నోట్లకెళ్లి అంత గట్టిగ సప్పుడు వచ్చుడు కూడ మంచిదే. కాని అదే పిల్లను సాయంత్రం ఇంటికాడ వాళ్ల తమ్ముడు చెయ్యి పట్టి గుంజి "ఏదీ, విడిపించుకో సూద్దాం" అంటె విడిపించుకోరాదు. అండ్ల పిల్ల తప్పేం లేదు, స్టేజి మీద చూపించినప్పుడు ఆ చెయ్యి పట్టుకున్నోడు మర్యాదకు పట్టుకున్నడు, ఈమె తిప్పంగనె వదిలేసిండు.

నేను నల్లగొండోన్నే. చిన్నప్పుడు కరాటే, హైదరాబాదుల కొలువు చేసేటప్పుడు జూడో, ఇప్పుడు మళ్ల ఇక్కడికే వచ్చి షాపు చూసుకుంట పొద్దుగాల కొంతమందికి నేర్పుతున్న. పైసలకోసం కాదు, ఊకె ఇంట్ల కూసుంటె పొట్ట పెరుగుతుంది అంతే. నా దగ్గరికి కొత్తగ వచ్చినోళ్లకు మొదటిరోజే చెప్తా, ఎదుటోడు ఒప్పుకోకుంట చేసిందే ప్రాక్టీసు, మిగిలిందంత కసరత్తు అని. కసరత్తు కూడ కావాలె, కాని దాన్ని పట్టుకొని నాకు ఫైటింగ్ వస్తది అనుకుంటె కష్టం.

మణికట్టు విడిపించుకునుడే తీస్కోండ్రి. యూట్యూబుల అందరు చెప్పేదేందంటె బొటనవేలు దిక్కు తిప్పి గుంజు అని. అది నిజమే, నాలుగు వేళ్లు ఒక దిక్కు, బొటనవేలు ఒక్కటి ఒక దిక్కు ఉంటయి, ఆ రెండిటి నడుమ సందు కాడనే పట్టు వదులు ఉంటది, మన చేతి సన్నంచు ఆ సందుకు వచ్చేటట్టు మణికట్టు తిప్పి అటుకెళ్లే తియ్యాలె. కాని నిజంగ పట్టుకున్నోడు ఒక్కకాడ నిలవడడు గదా, గుంజుకపోతనే ఉంటడు. అప్పుడు మన చెయ్యి సాపుగ అయితది, సాపు చెయ్యిని ఎంత తిప్పినా భుజం నొస్తది తప్ప పట్టు ఊడదు. అందుకె మొదలు కాళ్ల పని చెయ్యాలె, వాడు గుంజే దిక్కే ఒక అడుగు లోపటికి వేసి, మోచెయ్యి మడిచి పక్కటెముకలకు ఆనిచ్చుకోవాలె, అప్పుడు మన మోచేతిని వాడి మోచెయ్యి దిక్కు తోసుకుంట మణికట్టు పైకి లేపాలె. రెండు చేతులతోని పట్టిండా, మన రెండో చేతితోని మన పిడికిలినే పట్టుకొని గుంజాలె. గుంజేటోని దిక్కే పోవుడు అంటె మనసు ఒప్పదు, భయమైతె ఎవరైన ఎన్కకే గుంజుకుంటరు, ఆ అలవాటు తిరగాలంటె నిజంగ గుంజే మనిషి ఎదురుంగ ఉండాలె.

డిగ్రీ చదివే ఒక పిల్ల, మా కాడికి వచ్చిన మొదట్ల, "సర్, అన్న గట్టిగ పట్టుకుంటుండు" అని కంప్లైంట్ చేసింది. "గట్టిగ పట్టుకొమ్మని నేనే చెప్పిన బిడ్డా" అన్న. మొకం మాడ్చుకుంది. తర్వాత అడుగు లోపటికి వేసుడు వచ్చినంక ఆ అన్ననే మణికట్టు రుద్దుకుంట తిరిగిండు.

ఇది నా సొంత తెలివేం కాదు. జిగోరో కానో 1882ల టోక్యోల కొడోకాన్ అనే బడి పెట్టి జూడో మొదలువెట్టినప్పుడు జుజుత్సు అనే జపానోళ్ల పాత పోరు విద్యల ఉన్న గుద్దుళ్లు, తన్నుళ్లు, వేళ్లు విరిచేటివి అన్ని పోటీ ప్రాక్టీసుల నుంచి పక్కకు పెట్టిండు, వాటిని కతాల, అంటె ముందే కుదుర్చుకున్న వరుసల చేసే కసరత్తు వరకే ఉంచిండు. చూస్తె మెత్తగ చేసినట్టు అనిపిస్తది కాని జరిగింది ఉల్టా, ప్రాణం తీసే పట్టు ఫ్రెండు మీద ఫుల్లు బలంతోని ఎవడు చెయ్యలేడు, తీసేసినంక మాత్రం ఇద్దరు పూర్తి దమ్ముతోని రోజూ పట్టుకోవచ్చు, దాన్నే రాండోరి అంటరు. మన పహిల్వాన్లు ఎర్రమట్టిల చేసేది కూడ అదే పని, ఎవడు మర్యాదకు పడడు. కుస్తీల భుజం మీదికెళ్లి ఎత్తేసే ధోబీపాట్ చూసినోళ్లకు జూడోల సెయోనాగె కొత్తగ అనిపియ్యదు, రెండు అన్నదమ్ములే.

కరాటేను తక్కువ చేస్తున్న అనుకోకుండ్రి. ఫునకోషి అనే కరాటే మాస్టరు 1922ల ఒకినావా దీవి నుంచి పోయి టోక్యోల చూపించిన ఆ విద్యల మస్తు సరుకుంది. తెల్లబెల్టు పిల్లలు చేసే హెయాన్ షోదాన్ అనే కతాల కుడిదిక్కు తిరిగి కిందికి బ్లాక్ చేసినంక చెయ్యి ఎన్కకు గుండ్రంగ లాగి పిడికిలితోని మీదికెళ్లి కొడ్తరు చూడుండ్రి, అది చెయ్యి పట్టుకున్నోని నుంచి విడిపించుకునుడే అని చాలామంది మాస్టర్లు చెప్తరు. కాని బెల్టు టెస్టుల దాన్ని డ్యాన్స్ లెక్క చేపిస్తరు, చెయ్యి ఎందుకు గుంజుతున్నమో పోరనికి తెల్వదు.

ఇగ నేలమీది ఆట. 1993 నవంబరుల అమెరికాల డెన్వర్ల జరిగిన మొదటి యూఎఫ్‌సీల, అంటె రకరకాల విద్యలోళ్లు ఒకరితోని ఒకరు కొట్లాడే పోటీల రాయిస్ గ్రేసీ అనే బక్కాయన ఒక్కరాత్రే ముగ్గురిని లొంగగొట్టినప్పటి నుంచి ప్రపంచమంత ఆయన చేసిన జియు-జిట్సు అనే నేలమీది పట్ల విద్య ఎన్క పడ్డది. నేర్సుకోవాలె, వద్దంటలేను, కాని బస్టాండు కాడ కంకర మీద ఒకన్ని పట్టుకొని దొర్లితె వాని దోస్తులు ఊకుంటరా. కిందపడితె కాళ్లు వాని దిక్కు పెట్టుకొని, ఒక చెయ్యి ఎన్క ఆనిచ్చి, ఒక కాలుతోని వాన్ని దూరముంచుకుంట లేసుడు, అది వస్తె రోడ్డు మీద చాలు.

అసలు అన్నిట్ల ఎక్కువ పనికొచ్చేది పడుడు. గదవ ఛాతీకి ఆనిచ్చుకోవాలె, ఊపిరి వదలాలె, చెయ్యి ఎన్కకు సాపి నేలకు పొడవకుంట అరచేయి, ముంజెయ్యి కలిపి పక్కకు కొట్టాలె. కొట్లాట జిందగీల ఒక్కసారి కూడ రాకపోవచ్చు, బండి స్లిప్ అయ్యుడు, బాత్రూంల జారుడు మాత్రం అందరికి ఉంటది. మా కాడికి వచ్చే పెద్దమనుషులకు ఇదొక్కటే నేర్పుతా, ముందుగాల కూసొని, తర్వాత గొంతుకూసొని, ఆఖరికి నిలవడి.

పిడికిలితోని మొకం మీద గుద్దకుండ్రి. చిటికెన వేలు కింది బొక్క పుటుక్కున ఇరుగుతది, బాక్సర్లు అందుకె చేతికి అంత బట్ట చుట్టుకుంటరు. అరచేతి మడమతోని కొడితె మన చెయ్యి బాగుంటది. కాలు లేపితె వాని మోకాలి కిందికే తన్నాలె, చీరకట్టుల, చెప్పులేసుకొని, నడుం మీదికి ఎవరు తంతరు చెప్పుండ్రి. కత్తి తీసిండా, పర్సు, ఫోను ఇచ్చేసి ఉరకాలె, కత్తి గుంజుకునే వీడియోలు చూపించే మాస్టరుకు రెండు చేతులెత్తి దండం పెట్టి రాండ్రి. నా మాట మీద నమ్మకం లేకుంటె, ఒక తెల్ల బనీను ఏసుకొని, దోస్తు చేతికి ఎర్ర స్కెచ్ పెన్ను ఇచ్చి కత్తి అనుకొని పొడవుమనుండ్రి. ఎన్ని గీతలు పడ్తయో మీరే లెక్కవెట్టుకోండ్రి.

చట్టం సంగతి కూడ జర తెలిసుండాలె. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితల 34 నుంచి 44 దాక సెక్షన్లు ఆత్మరక్షణ గురించే, పాత ఐపీసీల 96 నుంచి 106 ఉండె. అండ్ల 37ల సాఫ్‌గ ఉంటది, కాపాడుకునేటందుకు ఎంత అవసరమో అంతకుమించి దెబ్బ తియ్యొద్దని. వాడు వదిలి ఉరుకుతుంటె ఎన్క పడి కొట్టినమంటె అది ఇగ రక్షణ కిందికి రాదు. ఉరికినంక 100కో 112కో కొట్టుండ్రి, రోజూ ఒకడే ఎంటవడుతుండు అంటె ఆడోళ్లను సతాయించేటోళ్లను పట్టే పోలీసు షీ టీమ్స్ ఉన్నయి, 2014ల హైదరాబాదుల మొదలై తర్వాత జిల్లాలకు వచ్చినయి.

మా పిల్లను ఎక్కడ చేర్పియ్యాలె అన్నా అని అడుగుతరు చాలమంది. పోయి ఒక క్లాసు గోడకు కూసొని చూడుండ్రి. గోడమీద మెడల్స్ చూడకుండ్రి, పిల్లలు పడుతున్నరా లేదా చూడుండ్రి. ఇద్దరు పట్టుకున్నప్పుడు ఒక్కోసారి టెక్నిక్ ఫెయిల్ అవుతుందా చూడుండ్రి, ఒక్కసారి కూడ ఫెయిల్ అయితలేదంటె అక్కడ నాటకం నడుస్తున్నట్టే. వద్దు అన్నప్పుడు, ఇగ చాలు అని నేల మీద చేత్తో కొట్టినప్పుడు ఎదుటోడు వెంటనె వదుల్తుండా, మాస్టరు అది గట్టిగ చూస్తుండా, అది అన్నిటికన్న ముందు చూడాల్సింది. ఫీజు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

మా కాడికి వచ్చేటోళ్లు మాత్రం కాళ్ల గోళ్లు, చేతుల గోళ్లు తీసుకొని రాండ్రి. వాచీలు, కడియాలు ఇంటికాడనే పెట్టుండ్రి, పోయినసారి ఎవరిదో కడియం తాకి నా చెవి కింద ఇంక మచ్చ పోలే.