‘సెలెక్టివ్’ అన్న మాట దగ్గర బోల్తాపడ్డాను: న్యూక్లియర్ రిసెప్టర్లతో నా జీప్యాట్ అనుభవం

జీప్యాట్‌కు (ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్షకు) చదువుతున్న మిత్రులారా, న్యూక్లియర్ రిసెప్టర్లంటే హార్మోన్లో మందులో అతుక్కున్నప్పుడు జన్యువుల పనిని మార్చే, కణంలోని ప్రొటీన్లు. మొదటిసారి ఈ పాఠాన్ని నేను మందుల జాబితాలా బట్టీపట్టాను. టామాక్సిఫెన్, రాలాక్సిఫెన్, పయోగ్లిటాజోన్, స్పైరనోలాక్టోన్... పేర్లన్నీ నోటికి వచ్చాయి. ఒక మాక్ టెస్టులో ఈ పాఠం నుంచి నాలుగు ప్రశ్నలు వస్తే మూడు తప్పాయి. తప్పుకు ఒక మార్కు కోత ఎలాగూ ఉంది.

ఆ రాత్రి తప్పులు ముందేసుకుని కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. మందు ఏ రిసెప్టర్‌కు అతుక్కుంటుందన్నది ఒక ప్రశ్న. అతుక్కున్నాక ఏ కణజాలంలో ఎలా పనిచేస్తుందన్నది మరో ప్రశ్న. ‘సెలెక్టివ్’ అనే మాటను రెండింటికీ వాడతారు. రాలాక్సిఫెన్ సెలెక్టివ్ అనగానే, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఆల్ఫాకే అతుక్కుంటుందని నేను టిక్కు పెట్టేశాను. ఈ రిసెప్టర్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాలు; మందు కూర్చునే గూడులో వాటి తేడా రెండే అమైనో ఆమ్లాలు. రాలాక్సిఫెన్ రెండింట్లోనూ దూరుతుంది; అది సెలెక్టివ్ అయ్యేది కణజాలాల విషయంలో.

అప్పటి నుంచి బొమ్మలు గీసుకున్నాను. లిగాండ్ (అతుక్కునే అణువు) గూడు గిన్నె, రిసెప్టర్‌లో మెలిక తిరిగిన భాగమైన 12వ హెలిక్స్ దాని మూత. ఈస్ట్రడయోల్ (ఒంట్లోని ఈస్ట్రోజెన్ హార్మోన్) లోపలికి వెళ్తే మూత చక్కగా కూర్చుంటుంది, జన్యువును పనిచేయించే తోడు ప్రొటీన్ కోయాక్టివేటర్ వచ్చి పట్టుకుంటుంది. రాలాక్సిఫెన్ కూడా అదే గూటిలో గ్లూటమేట్ 353, ఆర్జినిన్ 394 అనే అమైనో ఆమ్లాలనే (అంకె వరుసలో వాటి చోటు) పట్టుకుంటుంది. అయితే దాని పొడవాటి పక్కగొలుసు ఆస్పార్టేట్ 351 దాకా పొడుచుకుని వస్తుంది. గిన్నెలో గరిటె ఉంచి మూత పెట్టినట్టు! మూత జారి, కోయాక్టివేటర్ కూర్చోవలసిన గాడిలోనే పడుతుంది. 1997లో వెలువడిన క్రిస్టల్ నిర్మాణం చూపింది ఇదే. టామాక్సిఫెన్ రొమ్ములో అడ్డుకుంటూనే గర్భాశయంలో ప్రేరేపించడానికి, ఆయా కణజాలాల్లో కోయాక్టివేటర్లు, కోరిప్రెసర్ల (జన్యువును అణిచే తోడు ప్రొటీన్ల) పాళ్లు వేరుగా ఉండటం ఒక ముఖ్య కారణం.

మందు ఏ రిసెప్టర్‌కు అతుక్కుంటుందన్న మొదటి ప్రశ్నకు నాకు నచ్చిన ఉదాహరణ పీపీఏఆర్ అనే న్యూక్లియర్ రిసెప్టర్ల కుటుంబం. అందులో ఆల్ఫా, గామా రకాలున్నాయి. గామాలో 323వ చోట హిస్టిడిన్ ఉంటుంది. ఆల్ఫాలో దానికి సరిపోయే చోట, అంటే 314లో, టైరోసిన్ ఉంటుంది. పయోగ్లిటాజోన్ లాంటి గ్లిటాజోన్ల (మధుమేహం మందుల) తల హిస్టిడిన్‌తో హైడ్రోజన్ బంధం కడుతుంది, లావుపాటి టైరోసిన్ ఉంటే ఇరుకు. ఒక్క అమైనో ఆమ్లం ఇంత పని చేస్తుందని తెలిశాక గ్లిటాజోన్ల వరుసను మళ్లీ బట్టీపట్టలేదు.

మనిషిలో న్యూక్లియర్ రిసెప్టర్లు 48 ఉన్నాయి. అన్నింటి వెంట పడకండి, పరీక్షకు పది లోపే చాలు.

ఇక స్పైరనోలాక్టోన్. దాని అసలు పని మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్‌ను (ఒంట్లో ఉప్పు, నీటి పాళ్లను నడిపే హార్మోన్ అతుక్కునే చోటును) అడ్డుకోవడం. అది ఆండ్రోజెన్ రిసెప్టర్‌నూ అడ్డుకుంటుంది, అందుకే కొందరు పురుషుల్లో రొమ్ములు పెరుగుతాయి. అదే కోవకు చెందిన ఎప్లెరినోన్‌లో 9,11 స్థానాల దగ్గర ఎపాక్సైడ్ చేర్చాక ఆ బెడద బాగా తగ్గింది. అయితే మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్‌ను అది స్పైరనోలాక్టోన్ అంత గట్టిగా పట్టుకోదు. ‘ఎక్కువ సెలెక్టివ్ అంటే ఎక్కువ పట్టు’ అనే వాక్యం తప్పా ఒప్పా అని ఇంకో మాక్ టెస్టులో అడిగితే, ఇంత చదివీ ఒప్పు అని పెట్టి వచ్చాను.